నోటుబుక్కు నిండితే చదువు వచ్చినట్టేనా?



ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసి పదవీ విరమణ పొందిన మేము కొందరం సాయంత్రం వేళల్లో బస్తీ పిల్లలకు చదువు చెబుతున్నాము. అక్కడ అయిదో తరగతి పాప నోటుబుక్కు చూసి ముచ్చటపడ్డాము. ముత్యాల్లాంటి అక్షరాలు. చదవమంటే మాత్రం తల వంచుకుంది. అర్థం తెలియకుండా నకలు రాయడం ఎంత సులువో జీవితమంతా ఫైళ్లు రాసిన మాకు తెలుసు. ఆ పాపకు తెలివి తక్కువ కాదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మధ్యన వంతెన వేసినవారు లేరు.

ఆ వంతెనకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పిల్ల ‘పానీ’ అంటే దానిని తప్పుగా ఎంచక, పక్కన ‘నీళ్లు’ చేర్చాలి. ముందు మాట, తరువాత అక్షరం. రోజుకొక గంట తరగతి భేదం పక్కనబెట్టి అక్షరాలు గుర్తించేవారిని, పదాలు చదివేవారిని, కథ చదవగలవారిని వేర్వేరు జట్లుగా కూర్చోబెట్టి బోధించాలి. ‘ప్రథమ్’ సంస్థ పలు రాష్ట్రాల ప్రభుత్వ బడులలో ఈ పద్ధతితో మంచి ఫలితాలు సాధించింది. అయితే తరచుగా పరీక్షించి జట్లు మార్చాలి. లేకుంటే వెనుకబడ్డవారనే ముద్ర శాశ్వతమవుతుంది.

ఇది ఉపకారం కాదు, హక్కు. ప్రతి బిడ్డ అభ్యసన శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం, తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశమై ప్రగతిని తెలపడం ఉపాధ్యాయుల విధులని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను చెబుతోంది. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించాలన్నది 29వ సెక్షను. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం నిర్దేశిస్తోంది.

ఉపాధ్యాయులను నిందించడం మా ఉద్దేశం కాదు. ఒక్కరే రెండు మూడు తరగతులు నెట్టుకొస్తున్న బడులున్నాయి. ఖాళీల భర్తీకి వారితో కలిసి మనమూ అడగాలి.

తల్లులారా, ఈ రాత్రి మీ బిడ్డచేత ఇంకా పాఠం చెప్పని పేజీ ఒకటి చదివించి వినండి. చదువు రాని తల్లి చెవికైనా బిడ్డ తడబాటు తెలుస్తుంది. తడబడితే బడికి వెళ్లి, “మా బిడ్డ ఏ జట్టులో ఉంది? వచ్చే నెలకు ఎంతవరకు చదవగలదు?” అని మర్యాదగా అడగండి. అర్జీ రాయవలసి వస్తే మేమున్నాము. ఆ పని మాకు బాగా అలవాటే.