పనికి కూర్చునే ముందు కిటికీ తెరవండి
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



హైదరాబాదు వచ్చి, చార్మినారు పక్కన లాడ్ బజారులో గాజులు కొనకుండా వెళ్లేవారు తక్కువ. మీరు వేసుకున్న లక్కగాజు మీద మెరిసే రాళ్లున్నాయే, వాటిని పాతబస్తీలో ఎవరో ఒక ఇల్లాలు ఒక్కొక్కటిగా చేత్తో అతికించి ఉంటుంది. ఆమె పనిని గురించే ఈ పూట నాలుగు మాటలు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఒక్కరోజే కదా అనుకున్నాం. ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. ఆ యేటి రంజాను నెల అందులోనే గడిచిపోయింది. 2021లో పండుగ మే 14న వస్తే, 12 నుంచే మళ్లీ లాక్‌డౌన్. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకానే బజారు. లాడ్ బజారుకు రంజాను అంటే రైతుకు కోతల కాలం వంటిది. వరసగా రెండేళ్లు కోత పోయిన ఇంట్లో, పని మళ్లీ దొరికిందంటే జబ్బు సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

కాని గుర్తుంచుకోవాలి. చిన్న గది, బొగ్గుల కుంపటి, దాని మీద మెత్తబడే లక్క. గాలి తగిలితే లక్క తొందరగా గట్టిపడుతుందని కిటికీ మూసుకుని కూర్చునేవారున్నారు. మొదట్లో మనమంతా కూరగాయలు కూడా సబ్బునీళ్లతో కడిగాం. తరవాత తెలిసిందేమిటంటే, కోవిడ్ ముఖ్యంగా మనం వదిలే ఊపిరితోనే, అందునా మూసిన గదుల్లో ఎక్కువగా అంటుకుంటుందని. పైగా మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణానికే ముప్పు. కనుక కుంపటిని గాలి సూటిగా తగలని మూలకు జరుపుకోండి. కిటికీ, తలుపు రెండూ తెరవండి. రాళ్లు అతికించే పని వసారాలోనో, డాబా మీదనో పెట్టుకోండి.

ఇంకొక సంగతి. కుంపటి దగ్గర శానిటైజరు వద్దేవద్దు. అందులో స్పిరిటు ఉంటుంది, భగ్గున అంటుకుంటుంది. స్పిరిటుకు లక్క కూడా కరుగుతుంది, గాజు మెరుగు పోతుంది. సబ్బూ నీళ్లూ చాలు. కొంగు అడ్డం పెట్టుకుంటే మాస్కు పెట్టుకున్నట్టు కాదు. మాస్కు ముక్కునూ నోటినీ సందు లేకుండా కప్పాలి.

ఇవన్నీ చెప్పడం తేలికే. అసలు కష్టం వేరే ఉంది. నాకు తెలిసిన ఒకామె జ్వరంతోనే మూడు రోజులు పనికి వెళ్లింది. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకి పక్కనున్న ఇద్దరు పడిపోయారు, పని ఆగింది. అందరూ ఆమెనే తిట్టారు. ‘‘జ్వరమని చెబితే ఆ పూట డబ్బు ఎవరిస్తారమ్మా?’’ అన్నది నాతో. నా దగ్గర జవాబు లేకపోయింది. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి జబ్బు సెలవులో జీతంలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. డజన్ల లెక్కన కూలి తీసుకుని ఇంట్లో పని చేసే మనిషికి ఆ కార్డేదీ?

అందుకని నాకు తోచింది చెబుతాను. గల్లీలో పదిమంది కలవండి. చిట్టీలు వేసుకోవడం మీకు కొత్త కాదు కదా! వారానికి తలా పది రూపాయలు వేస్తే, ఏడాదికి 5,200 అవుతుంది. జ్వరం వచ్చినామెకు అందులోంచి నాలుగు రోజుల కూలి ఇవ్వండి. అప్పుడామె దాచదు, మీ పిల్లలూ క్షేమంగా ఉంటారు. పని ఇచ్చే అన్నలు కూడా ఆ చిట్టీలో ఓ చెయ్యి వెయ్యాలి. ఒకరి కూలి మిగిల్చుకోబోతే కార్ఖానా అంతా మూతపడవచ్చు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది. జ్వరాలు మాత్రం ముగియలేదు. ఫ్లూ ఉంది, క్షయ ఉంది. అవీ మూసిన గదుల్లో పెరిగేవే.

ఈసారి గాజులు కొనేటప్పుడు బేరం తప్పకుండా ఆడండి. కాని ఆ చివరి పది రూపాయల దగ్గర ఒక్క క్షణం ఆగి, కుంపటి ముందు కూర్చున్న ఆ తల్లిని తలుచుకోండి.