పులిరాజా సంగతి సరే, మరి మన సంగతి?

మా ఇబ్రహీంపట్నం నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఇవాళ టాపిక్ కొంచెం సీరియస్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా పర్లేదు, ఇంట్లో అందరి ముందు విన్నా పర్లేదు. నన్నడిగితే అందరి ముందు వినడమే మంచిది.

ముందుగా మీ అమ్మనో నాన్ననో ఒక మాట అడగండి: "పులిరాజా ఎవరు?" అని. వెంటనే నవ్వుతారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్నప్పుడు, గోడల మీద, హోర్డింగుల మీద ఒకటే ప్రశ్న: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" మేము అప్పుడు చిన్నపిల్లలం. అర్థం తెలియకపోయినా ఒకరినొకరు పులిరాజా అని ఏడిపించుకునేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్న అందరికీ గుర్తుంది. జవాబు మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఎందుకంటే అది పులిరాజా సమస్య, మనది కాదు అనుకున్నాం. ఈ రోజుకీ అలాగే అనుకుంటున్నాం.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెప్తా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

బీటెక్ అయిపోయి, ఫస్ట్ జాబ్‌లో జాయినైన రోజులు. సిటీలో నలుగురం కలిసి రూమ్ కిరాయికి తీసుకున్నాం. ఒకరోజు రాత్రి మాలో ఒకడు నన్ను మేడ మీదికి పిలిచాడు. "టెస్ట్‌లో హెచ్‌ఐవి పాజిటివ్ వచ్చింది రా" అన్నాడు. నేను భుజం మీద చెయ్యేసి "ఏం కాదు రా, నేనున్నా కదా" అన్నా. మంచి ఫ్రెండ్‌లాగా డైలాగ్ అయితే కొట్టేశా. మరి తెల్లారి ఏం చేశానో తెలుసా? నా స్టీల్ గ్లాసు కిచెన్‌లోంచి తీసి నా కప్‌బోర్డ్‌లో పెట్టుకున్నా. వాడు చూశాడు. ఏమీ అనలేదు. నెల తిరక్కుండా రూమ్ ఖాళీ చేశాడు. "ఆఫీస్ దూరమైతుంది రా" అన్నాడు. వాడి ఆఫీస్ మా రూమ్ నుంచి నడిస్తే పది నిమిషాలు.

కోడ్‌లో ఒక్క ఎర్రర్ వస్తే రాత్రంతా గూగుల్ చేసే ఇంజనీర్‌ని నేను. గ్లాసుతో హెచ్‌ఐవి వస్తుందా రాదా అని ఐదు నిమిషాలు వెతకలేకపోయా.

సరే, ఆ ఐదు నిమిషాల పని ఇప్పుడు చేద్దాం. హెచ్‌ఐవి ఎలా వస్తుంది? కండోమ్ లేకుండా సెక్స్ చేస్తే, వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే, ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడితే, తల్లి నుంచి కడుపులో ఉన్నప్పుడో కాన్పులోనో చనుబాల ద్వారానో బిడ్డకు. అంతే. గ్లాసుతో రాదు, కంచంతో రాదు. షేక్‌హ్యాండ్ ఇస్తే రాదు, కౌగిలించుకుంటే రాదు, ఒకే బాత్రూమ్ వాడితే రాదు. దోమ కుట్టినా రాదు.

వచ్చాక ఏమవుతుంది? మన ఒంట్లో రోగాలతో కొట్లాడే సీడీ4 కణాలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మైక్రోలీటర్ రక్తంలో దాదాపు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. వైరస్ వాటిని మెల్లమెల్లగా తినేస్తుంది. 200 కంటే కిందికి పడిపోతే అప్పుడు ఎయిడ్స్ దశ అంటారు. అంటే హెచ్‌ఐవి, ఎయిడ్స్ రెండూ ఒకటి కావు. ట్రీట్‌మెంట్ లేకపోయినా ఆ దశకు రావడానికి చాలామందికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అన్ని సంవత్సరాలు మనిషి మామూలుగానే ఉంటాడు. జిమ్‌కి పోతాడు, క్రికెట్ ఆడతాడు, పెళ్లి కూడా చేసుకుంటాడు. మొహం చూసి ఎవరూ చెప్పలేరు. సర్వర్‌లో బగ్ ఉంది, కానీ స్క్రీన్ మీద ఏ ఎర్రర్ రావట్లేదు అన్నమాట. తెలుసుకోవాలంటే టెస్ట్ ఒక్కటే దారి.

"మన దగ్గర ఎక్కడుంది బ్రో" అంటారా? జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే నాకో, 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవితో బతుకుతున్నారు. పెద్దవాళ్లలో దేశం సగటు 0.21 శాతం. తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ దేశం సగటుకి రెండు, మూడు రెట్లు. పులిరాజా ఎక్కడో లేడు ఫ్రెండ్స్. మన బస్సులోనే ఉన్నాడు, మన క్లాసులోనే ఉన్నాడు.

ఇప్పుడు మంచి వార్త. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టీ మందులు సర్కారు ఫ్రీగా ఇస్తోంది. మొదట్లో సీడీ4 బాగా తగ్గితేనే మొదలుపెట్టేవారు. 2017 నుంచి రూల్ మారింది. పాజిటివ్ అని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా సరే, వెంటనే మందులు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క గోలీ. వైరస్ పూర్తిగా పోదు, గోలీ జీవితాంతం వేసుకోవాలి. కానీ తొందరగా మొదలుపెట్టి, మానకుండా వేసుకుంటే అందరిలాగే నిండు జీవితం బతకొచ్చు.

ఇంకా పెద్ద విషయం వినండి. మందు సరిగ్గా వాడితే సాధారణంగా ఆరు నెలల్లోపు రక్తంలో వైరస్ టెస్టుకి కూడా కనపడనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, అలాగే ఉన్న మనిషి నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి హెచ్‌ఐవి పోదు. "తక్కువగా పోతుంది" అనట్లేదు, పోదు అంటున్నా. 2019లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన పార్ట్‌నర్ 2 స్టడీలో యూరప్‌లోని 14 దేశాల్లో, ఒకరికి వైరస్ ఉండి ఇంకొకరికి లేని దాదాపు 780 మగ జంటలను చూశారు. కండోమ్ లేకుండా 70 వేల సార్లకు పైగా సెక్స్ జరిగింది. పార్ట్‌నర్ నుంచి పార్ట్‌నర్‌కి వైరస్ పోయిన కేసు ఒక్కటి కూడా లేదు. సున్నా. గర్భిణులు టైమ్‌కి మందులు వాడితే బిడ్డకు వచ్చే ప్రమాదం కూడా చాలా చాలా తగ్గిపోతుంది.

టెస్ట్ ఫ్రీ, మందు ఫ్రీ. మరి ఎందుకు పోవట్లేదు మనం? నాకు జవాబు పోయిన నెల దొరికింది. నేనే టెస్ట్‌కి పోయా. మీకు చెప్పే ముందు నేను చేయించుకోవాలి కదా అని. నిజం చెప్తున్నా, మా ఊర్లో పోలేదు. తెలిసినవాళ్లు చూస్తారని సాగర్ రోడ్డు మీద బస్సెక్కి సిటీకి పోయా. బొంగుళూరు గేట్ దగ్గర దిగి వెనక్కి వచ్చేద్దామా అనిపించింది. సర్కారు దవాఖానలో ఐసీటీసీ అని బోర్డ్ ఉంటుంది, ఆ రూమ్ ముందు మాస్క్ కళ్ల దాకా లాక్కుని కూర్చున్నా. నా భయం సూది గురించి కాదు, వైరస్ గురించి కూడా కాదు. "వీడు ఇక్కడెందుకున్నాడు" అని ఎవరైనా అనుకుంటారేమోనని.

లోపల కౌన్సెలర్ మేడమ్ "ఏం తప్పు చేశావ్" అని అడగలేదు. టెస్ట్ ఏంటో చెప్పారు, నాకు ఇష్టమేనా అని అడిగి సంతకం తీసుకున్నారు. కొంచెం రక్తం తీశారు. అదే రోజు రిజల్ట్ చేతిలో పెట్టారు. ఒకటి గుర్తుపెట్టుకోండి: వైరస్ ఒంట్లోకి వచ్చిన మొదటి వారాల్లో టెస్ట్‌లో కనపడకపోవచ్చు. రిస్క్ ఈ మధ్యే జరిగి ఉంటే మూడు నెలలకు ఇంకోసారి చేయించుకోవాలి. అదే రిస్క్ జరిగి 72 గంటలు దాటకపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. 28 రోజులు వేసుకునే మందులు ఉన్నాయి, వైరస్ పట్టకుండా ఆపడానికి.

నాకు నెగెటివ్ వచ్చింది. పాజిటివ్ వచ్చి ఉంటే ఈ వీడియోలో చెప్పేవాడినా? ఏమో, చెప్పేవాడిని కాదేమో. ఎందుకంటే గ్లాసు దాచిపెట్టేవాళ్లు ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు. నేనే ఒకడిని కదా.

చట్టం మాత్రం మనకంటే ముందుంది. దాదాపు ఇరవై ఏళ్ల కింద ఒకతను పోలీస్ ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యాడు. మెడికల్‌లో హెచ్‌ఐవి అని తేలి ఉద్యోగం ఇవ్వలేదు. హైదరాబాద్‌లోనే, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది తప్పు అంది. పని చేసే సత్తువ ఉందా లేదా చూడాలి గానీ, వైరస్ ఉందన్న ఒక్క కారణంతో తీసేయకూడదని చెప్పింది. తర్వాత 2017లో పార్లమెంట్ హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టమే చేసింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవి ఉందని ఉద్యోగం తీసేయడం, కాలేజీలో సీటు ఇవ్వకపోవడం, కిరాయికి ఇల్లు ఇవ్వకపోవడం, వైద్యం చేయకపోవడం అన్నీ నేరుగా ఆ చట్టానికి వ్యతిరేకం. మన అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు. రిజల్ట్ బయటపెట్టకూడదు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ కొట్టే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కానీ గ్లాసు పక్కన పెట్టుకున్నందుకు ఏ కోర్టూ నన్ను పిలవదు. అది నేనే మార్చుకోవాలి. మనం ఒక్క జోక్ వేస్తే, పక్కన కూర్చున్నవాడు టెస్ట్‌కి పోవడం ఇంకో సంవత్సరం వాయిదా వేస్తాడు. ఆ సంవత్సరంలో వాడి సీడీ4 పడిపోతుంది, తెలియకుండానే ఇంకొకరికి వైరస్ పోవచ్చు. జోక్ ఖరీదు అది.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. చాలా ఏళ్ల తర్వాత. ముందు సారీ చెప్పా, తర్వాత పర్మిషన్ అడిగా. వాడు బానే ఉన్నాడు. రోజూ గోలీ వేసుకుంటాడు, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తుతాడు, నాకంటే ఫిట్‌గా ఉన్నాడు. "నా పేరు చెప్పకు, ఊరు చెప్పకు. గ్లాసు సంగతి మాత్రం కచ్చితంగా చెప్పు" అన్నాడు. చెప్పేశా రా.

ఫ్రెండ్స్, ఎవరినీ అడగలేని డౌట్ ఉంటే 1097కి కాల్ చేయండి. నాకో హెల్ప్‌లైన్, టోల్ ఫ్రీ. మీ దగ్గర్లో టెస్ట్ ఎక్కడో కూడా వాళ్లే చెప్తారు. ఒంటరిగా పోవడానికి భయమైతే ఒక దోస్తుని తీసుకుని పోండి, ఇద్దరూ చేయించుకోండి. ఈసారి నేను మా ఊర్లోనే పోతా, మాస్క్ లేకుండా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అందాకా సెలవు.