పాత జాగ్వారుకు క్రొత్త వేగము

1948 అక్టోబరులో, లండనులోని ఎర్ల్స్ కోర్టు మోటారు ప్రదర్శనమున, జాగ్వారు కంపెనీవారు ఎక్స్.కె. 120 అను కారును ప్రజల ముందు నిలిపిరి. ఆ అంకె గంటకు మైళ్ళలో దాని వేగము. ఇది సాధ్యమా యని సందేహించినవారు లేకపోలేదు. 1949 మే నెలలో బెల్జియమునందలి జబ్బెకె రహదారిపై ఆ బండి 132 మైళ్ళకు మించి పరుగెత్తుటతో వారి సందేహము తీరినది.

దాని బలమంతయు 3,442 ఘన సెంటీమీటర్ల యింజనులో నున్నది. ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. ఏడు బేరింగులపై తిరుగు క్రాంకుషాఫ్టు. పైకిపోవు పిస్టన్ల ఊపును క్రిందికి వచ్చునవి సరిపెట్టుటచే అది కుదుపులేక నడచును.

ఇట్టి బండి నొకదానిని ఇంగ్లండులో మిత్రుని షెడ్డునందు మేము కొందరము విప్పితిమి. బండి మరల నడువవలెననియు, మునుపటికంటె వేగముగా నడువవలెననియు యజమాని కోరిక. రెండవ కోరికపైననే మాలో మాకు వాదము పుట్టినది.

ఈ యింజనులో జాగ్వారువారు సిలిండర్లను వెనుకనుండి లెక్కించెడివారు. ఒకటవదనగా డ్రైవరు పాదములకు దగ్గరగా నున్నది. నీటిపంపునకు మిక్కిలి దూరమైనదియు అదియే. దాని చుట్టునున్న నీటిదారులలో తుప్పుమట్టి గట్టిపడి యుండెను. తీగలతో గోకి తీయుటకు రెండు దినములు పట్టినది. దానిని అట్లే విడిచి శక్తిని పెంచియుందుమేని అల్యూమినియపు హెడ్డు వేడికి వంగిపోయెడిది.

ఇక శక్తి మాట. ఈ యింజనులో పిస్టను ఒక్కొక్కసారి 106 మిల్లీమీటర్లు ప్రయాణము చేయును. నిమిషమునకు 5,000 చుట్లు తిరుగునప్పుడు దాని సగటు వేగము సెకనుకు 17 మీటర్లు దాటును. కావున చుట్లు పెంచుటకంటె, గాలి లోనికి వచ్చుదారిని, పొగ వెలికిపోవుదారిని సుగమము చేయుట మేలని తలచితిమి. కుదింపును పెంచుటకు హెడ్డును గీయుదమని ఒకరనిరి. గీసిన లోహము తిరిగి రాదు గదా! పిస్టన్లను మార్చినను అదే ఫలము కలుగును, పాతవానిని దాచుకొనవచ్చును. చివరకు అట్లే చేసితిమి.

బ్రేకుల విషయమున మాత్రము మేము తప్పు చేసితిమి. ముందు ఇంజను, పిమ్మట బ్రేకులు అనుకొని, పాత డ్రమ్ములతోనే ఒక కొండదారి దిగితిమి. మూడవ మలుపునకు పెడలు ఎంత త్రొక్కినను బండి నిలువలేదు. గేరు తగ్గించి, గట్టువైపు గడ్డిలోనికి మళ్ళించి ఆపితిమి. నాలుగు చక్రములనుండియు పొగ. కొంతసేపు ఎవరును మాటాడలేదు.

వేగము రెండింతలైనచో బ్రేకులు మ్రింగవలసిన శక్తి నాలుగింతలగును. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించును. లోపలి లైనింగు పట్టు కోల్పోవును. డిస్కు బ్రేకులో ఇనుపపళ్ళెము గాలికి తెరచియుండుటచే వేడి త్వరగా పోవును. 1953లో లె మాన్ పందెమును గెలిచిన జాగ్వారుకు ఉన్నవి ఆ బ్రేకులే. 1957లో వచ్చిన ఎక్స్.కె. 150కి కంపెనీవారే వానిని అమర్చిరి. మేమును వానినే బిగించిన తరువాతనే బండిని మరల రోడ్డెక్కించితిమి.

గేరుపెట్టె జోలికి పోలేదు. తొందరపడువానికి అది పళ్ళు కొరుకుచు బదులు చెప్పును. అందును ఒక అందము కలదు.

పాత డ్రమ్ములకు గ్రీజు పూసి, పిస్టన్లతోకూడ కొయ్యపెట్టెలో నుంచి, ఏది ఎక్కడనుండి తీసితిమో చీటివ్రాసి మూతకు అంటించితిమి. బండి ఎప్పుడైన చేతులు మారినచో ఆ పెట్టెయు దానివెంట పోవునట్లు యజమానిచే మాట తీసికొంటిమి.