ముందు ఉమ్మడి భూమి, పిదప ఇండ్ల స్థలములు

పంచాయతీ సభ్యులారా!

ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమునకు 1836లో టారెన్స్ నది యొడ్డున స్థలము నెన్నుకొన్నవాడు సర్వేయరు కర్నల్ విలియం లైట్. రేవునకు దూరమని గవర్నరు హిండ్‌మార్ష్ ఆక్షేపించెను. మంచినీరు, మెరకనేల ముఖ్యమని లైట్ పట్టు విడువలేదు. 1837లో ఎకరము చొప్పున 1,042 స్థలములు కొలిపించి, నడుమ ఆరు బయళ్ళను, చుట్టును ఉద్యానభూమిని ప్రజలకై ఉంచెను. నేటికిని అందధికభాగము నిలిచియున్నది.

అయితే ఆ నేల కౌర్నా ప్రజలది. వారితో ఒప్పందమేదియు జరుగలేదు. ఆ లోపమును మనము మరువరాదు.

కావున మేము కోరునదేమన, స్థలములు పంచుటకు పూర్వమే బాటలకు, ఆటస్థలమునకు, పశువుల మేతకు నేల విడువుడు. దానిపై బ్రతుకువారిని ముందుగా విచారింపుడు. పంచివేసిన భూమి ఊరికి మరల దక్కుట కష్టము.