ప్యాకెట్ మీద ‘యాష్ 8 శాతం’ అంటే బూడిదేనా?

పోయిన వారం ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. "తమ్ముడూ, మా మేడం వాళ్ల క్యాట్ ఫుడ్ ప్యాకెట్ మీద యాష్ 8 శాతం అని ఉంది. బూడిద కలుపుతారా ఏంటి?" అని. ఇళ్లలో పనిచేసే మనలో చాలామందికి పిల్లిని చూసుకోవడం కూడా డ్యూటీయే కదా, అందుకే ఈరోజు దాని గురించే.

బూడిద కలపరు అక్కా. ల్యాబ్‌లో ఆ ఫుడ్‌ని కొంచెం తీసుకుని పూర్తిగా కాలుస్తారు. మాంసం, కొవ్వు, పిండి అన్నీ కాలిపోయాక అడుగున మిగిలేవి ఖనిజాలు. కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, సోడియం లాంటివి. కుక్కలదైనా పిల్లులదైనా డ్రై ఫుడ్‌లో ఇది 5 నుంచి 10 శాతం ఉండటం మామూలే.

డబ్బాలో వచ్చే తడి ఫుడ్ మీద 2 శాతమే రాసి ఉంటుంది. అది చూసి మోసపోవద్దు. దాంట్లో 80 శాతం నీళ్లుంటే, మిగిలిన 20లో 2 అంటే 10 శాతం అయినట్టే. అంటే ఒక్క యాష్ అంకె చూసి మంచి చెడు చెప్పలేం.

ఇది నాకు దెబ్బతిన్నాకే తెలిసింది. కువైట్‌లో నేను హౌస్ డ్రైవర్‌గా ఉన్న ఇంట్లో ఒక గండుపిల్లి ఉండేది. ఒకరోజు పొద్దున్నుంచి ఊరికే లిట్టర్ ట్రేలోకి వెళ్లి కూర్చోవడం, ముక్కడం, అరవడం. మలబద్ధకం అనుకున్నా. చెబితే "నువ్వేం పెట్టావ్" అంటారని భయపడి రాత్రి దాకా నోరు మెదపలేదు. చివరికి డాక్టర్ ట్యూబ్ వేసి మూత్రం తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పోయేదన్నారు.

మూత్రం చిక్కబడి, దాంట్లో పులుపు తగ్గితే మెగ్నీషియం, ఫాస్ఫేట్, అమ్మోనియా కలిసి ఇసకలా గట్టిపడతాయి. గండుపిల్లికి మూత్రనాళం సన్నం, అందుకే పూడుకుపోతుంది. అప్పుడు ఒంట్లో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. ఒకప్పుడు తప్పంతా యాష్‌దే అనుకునేవాళ్లు. మెగ్నీషియం తగ్గించి, మూత్రంలో పులుపు పెంచే ఫుడ్స్ వచ్చాక ఈ రాళ్లు తగ్గాయి గానీ, కాల్షియం ఆక్సలేట్ అనే ఇంకో రకం రాళ్లు ఎక్కువయ్యాయి. కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా మనమే ఫుడ్ మార్చకూడదు.

మన చేతిలో ఉన్నది నీళ్లు. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతం లోపే. అందుకని రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టి రోజూ నీళ్లు మార్చండి. మేడం సరేనంటే తడి ఫుడ్ కూడా పెట్టండి. ట్రే శుభ్రం చేసేటప్పుడు తడిసిన ఇసక ఉండలు ఉన్నాయో లేదో చూడండి. పిల్లి ముక్కుతూ ఉండి, ట్రే పొడిగా ఉంటే, అర్ధరాత్రి అయినా సరే తలుపు కొట్టండి. "గత్తు మాఫీ బోల్, లాజిమ్ దక్తూర్" అనండి. పిల్లికి మూత్రం రావట్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే అని అర్థం.

తిడితే తిట్టనివ్వండి. నాలాగా నోరు మూసుకుని కూర్చోవద్దు. ఉంటాను మరి, వచ్చే వారం కలుద్దాం.