మిణుకుమనే చుక్కని నిలబెట్టడం

సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి నక్షత్రాలతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పనేమీ లేదండీ, సరదా, అంతే.

మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద దూరంగా వచ్చే ఎర్రబస్సు నీళ్ళలో ఈదుతున్నట్టు కనిపించడం మనందరం చూసిందే. వేడిగాలి, చల్లగాలి కలిసి కాంతిని అటూ ఇటూ వంచడం వల్ల అలా కనిపిస్తుంది. చుక్కలు మిణుకుమనేదీ అందుకే. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఖగోళ శాస్త్రజ్ఞులకి అదే తలనొప్పి. హవాయిలో మౌనాకియా కొండమీద కెక్ టెలిస్కోపుల అద్దాల వెడల్పు చెరో 10 మీటర్లు. అంత పెద్ద అద్దమైనా, కంటికి కనిపించే వెలుగులో అది చూపే వివరం, గాలి పుణ్యమా అని, పెరట్లో పెట్టుకునే జానెడు టెలిస్కోపు చూపేదానికంటే పెద్దగా ఎక్కువ కాదు!

ఫొటో తీశాక కంప్యూటర్లో దిద్దుకోవచ్చు కదా అని నాకు మొదట తోచింది. వృత్తి దోషం. కొంతవరకు నిజమే. 1995లో ఆండ్రియా గెజ్ బృందం కెక్‌తో పాలపుంత కేంద్రాన్ని గమనించడం మొదలుపెట్టినప్పుడు, సెకనులో పదోవంతు ఫొటోలు వేలకొద్దీ తీసి కలిపేవారు. కానీ అంత తక్కువసేపట్లో మసక చుక్కలు ఫొటోలో పడవు. పడనిదాన్ని ఏ ప్రోగ్రామూ తెచ్చిపెట్టలేదు.

కాబట్టి ఫొటో పడకముందే దిద్దాలి. ఈ ఆలోచన 1953లోనే హొరేస్ బాబ్‌కాక్ చెప్పారు. దానికి తగ్గ వేగం యంత్రాలకి రావడానికి దశాబ్దాలు పట్టింది. పక్కనున్న కాంతివంతమైన చుక్క వెలుగు దారిలో ఎలా నలిగిందో కొలుస్తారు. దానికి సరిగ్గా విరుగుడయ్యేలా ఒక పల్చటి చిన్న అద్దాన్ని వెనకనుంచి వందలాది బుల్లి కడ్డీలు తోసి వంచుతాయి. ఒకసారి కాదు, సెకనుకి వందలసార్లు. మన సర్వర్ రెండు సెకన్లు ఆలస్యమైతే కస్టమరు విసుక్కుంటాడు. ఇక్కడ కొన్ని మిల్లీసెకన్లు దాటితే గాలి మారిపోయి, పాత గాలికి మందు వేసినట్టవుతుంది.

దగ్గర్లో తగిన చుక్క లేకపోతే? పసుపుపచ్చ లేజరుని పైకి వదులుతారు. సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున, ఉల్కలు కాలగా మిగిలిన సోడియం పొర మెరిసి దొంగచుక్క తయారవుతుంది. మన వీధుల్లో వెలిగిన సోడియం దీపాల రంగే అది.

కెక్‌లో ఈ అద్దం 1999లో, లేజరు 2004లో వచ్చాయి. చిలీలో రైన్‌హార్డ్ గెంజెల్ బృందమూ ఇలాగే చూసింది. ఎస్2 అనే చుక్క ఏమీ కనపడని ఒక చోటు చుట్టూ 16 ఏళ్ళకోసారి తిరిగొస్తోంది. లెక్కకడితే ఆ చోట 40 లక్షల సూర్యుళ్ళంత బరువు ఉన్నట్టు తేలింది. అది కృష్ణబిలం తప్ప మరొకటి కావడం కష్టం. ఇద్దరికీ 2020లో నోబెల్ వచ్చింది.

భోజనాలయ్యాక పార్కింగులో నా జానెడు టెలిస్కోపు పెడతాను, పిల్లల్ని తీసుకురండి. దానికి వంగే అద్దం లేదు, చుక్కలు కాస్త వణుకుతాయి.