నిజమాడితే నిష్ఠూరమేనా?



అమెరికాలో అధ్యక్ష పదవికి నిలబడే వ్యక్తి, తన పార్టీ మహాసభలో అభ్యర్థిత్వాన్ని స్వీకరిస్తూ ఉపన్యాసమిస్తారు. దేశమంతా వింటుంది. అలాంటి ఉపన్యాసాలు రెండింటి సంగతి చెబుతాను, వినండి.

1984 జూలైలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో డెమోక్రటిక్ అభ్యర్థి వాల్టర్ మాండేల్, ఎవరు గెలిచినా పన్నులు పెరగక తప్పదనీ, రీగన్ ఆ మాట చెప్పరనీ, తాను చెప్పేస్తున్నాననీ అన్నారు. సభలో చప్పట్లు మోగాయి. మరి ఓటర్లో? నవంబరులో 50 రాష్ట్రాల్లో 49 రీగన్‌కే ఇచ్చారు! పన్నులొక్కటే కారణం కాదనుకోండి. అప్పటికి ఆర్థిక పరిస్థితి కుదుటపడుతోంది, రీగన్ అంటే జనానికి అభిమానమూ ఉంది. అయినా ఆ మాట మాండేల్‌కి మేలు చెయ్యలేదు.

1988 ఆగస్టులో, న్యూ ఆర్లియన్స్‌లో రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్ కొత్త పన్నులు వెయ్యనే వెయ్యనన్నారు. జనం గెలిపించారు. 1990లో బడ్జెట్ లోటు పూడ్చడానికి పన్నులు పెంచక తప్పలేదు. మాట తప్పాడన్న కోపం జనంలో మిగిలిపోయింది. 1992లో ఆయన ఓడిపోయారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? పాలవాడు ‘వచ్చే నెల నుంచి రేటు పెంచుతానమ్మా’ అంటే మొహం చిట్లిస్తాం. పెంచనని చెప్పి నీళ్లు కలిపేవాడి దగ్గర మాత్రం గిన్నె పడతాం! తరవాత తిట్టుకుని ఏం లాభం? ఈసారి ఎన్నికల ఉపన్యాసం వింటే, ‘ఇంతకీ ఆ డబ్బెక్కడిది నాయనా?’ అని అడుగుదాం. దాచకుండా జవాబు చెప్పినవాడి మీద విసుక్కోకుండానూ ఉందాం. ఏమంటారు?